టికెట్టు వెనక ఒక మనిషి: ఊళ్లు తిరిగే ఉద్యోగంలో తృప్తి నేర్చుకునే పద్ధతి

మాది రాజమండ్రి. రక్తపరీక్షల ల్యాబుల్లో ఉండే ఎనలైజర్లు బాగుచేయడం నా పని. ఇటు కాకినాడ, తుని, నర్సీపట్నం, అటు విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, పాలకొండ. నెలలో పద్దెనిమిది ఇరవై రోజులు ఇంట్లో ఉండను. ఈ పనిలోకి వచ్చి పందొమ్మిదేళ్లయింది. అందులో మొదటి తొమ్మిదేళ్లు రోజూ రాత్రి ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి, చేసి సణిగేవాణ్ణి.

మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు ఒక ఆదివారం 'నాన్న ఆట' ఆడుతూ కనిపించింది. దువ్వెన చెవికి ఆనించుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఛ, ఏం బస్సో. ఛ, ఏం రూమో. ఛ, ఏం తిండో. సరే, ఉంటా" అని దువ్వెన కింద పెట్టేసింది. నా గురించి ఆ పిల్లకు తెలిసింది అంతే. వంటింట్లోంచి చూస్తున్న మా ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేకపోయాను.

అప్పట్నుంచి ఈ పదేళ్లలో తడుముకుంటూ నేర్చుకున్నది రాస్తున్నాను. మెడికల్ రెప్పులు, ఆడిట్‌కు వెళ్లేవాళ్లు, సర్వీసువాళ్లు, విత్తనాల కంపెనీల వాళ్లు, మొత్తానికి సంచి భుజాన వేసుకుని తిరిగే ఎవరికైనా ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ముందు ఫోను మార్చండి

రాత్రి ఇంటికి చేసే ఫోనులో మొదటి మాట ఏమిటో ముందే అనుకోండి. ఆ మాటలో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి ఆ రోజు మీకోసం చేసిన పని ఉండాలి. "ఇవాళ సాలూరు ల్యాబులో టెక్నీషియన్ తన క్యారియర్లో పులిహోర సగం నాకు పెట్టేశాడు." ఇంతే. ఆ తర్వాత సణుక్కోవాలనిపిస్తే సణుక్కోండి, తప్పులేదు. కష్టం దాచుకోమని నేను చెప్పడం లేదు.

ఇలా మొదలుపెట్టిన ఫోనులో అవతలి నుంచి ప్రశ్నలు వస్తాయి. "పులిహోర ఎవరు చేశారట? వాళ్ల అమ్మా, ఆవిడా?" "అతను మరి ఏం తిన్నాడు?" సణుగుడికి ప్రశ్నలు రావు, "ఊఁ" ఒక్కటే వస్తుంది. తొమ్మిదేళ్లు నేను విన్నది ఆ "ఊఁ".

అయితే మొదటి వారం చెప్పడానికి నాకేమీ దొరకలేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా పదిహేనుమంది చేతుల మీదుగా రోజు గడిచింది, ఒక్కరి ముఖం గుర్తులేదు. అందుకని చీటీ మొదలుపెట్టాను.

టికెట్టు వెనక రాయండి

ప్రత్యేకంగా డైరీ కొనకండి. కొన్న డైరీ బరువు, రాయలేదన్న బెంగ అంతకంటే బరువు. జేబులో ఎలాగూ బస్సు టికెట్టు ఉంటుంది. టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లుకు కావాలి కాబట్టి ముందు దాన్ని ఫోటో తీసుకోండి. మీ ఆఫీసు అసలు టికెట్టే అడిగితే వేరే కాగితం ముక్క చాలు. వెనకవైపు మూడు విషయాలు రాయాలి: ఏ ఊరు, ఎవరు, ఏం చేశారు. బాల్‌పెన్నుతోనే రాయండి. మెషీన్ టికెట్టు మీద అచ్చు కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, బాల్‌పెన్ను రాత నిలుస్తుంది.

"ప్రయాణం బాగా జరిగింది" అని రాయకండి, అందులో మనిషి లేడు. నా డబ్బాలోంచి కొన్ని చెబుతాను. "తుని. కండక్టరు. నేను పరిగెత్తడం అద్దంలో కనబడకపోయినా, వెనక సీటు ముసలాయన కేకేస్తే బస్సు ఆపించాడు." ఇందులో ఇద్దరున్నారు, ముసలాయన్ని రాసేటప్పుడే గుర్తించాను. "అనకాపల్లి. లాడ్జి కుర్రాడు. గీజరు పనిచెయ్యలేదు. రెండంతస్తులు బకెట్టు మోశాడు." "విజయనగరం. మెకానిక్కు. యూపీఎస్ చూసి, లోపం మా మెషీన్లో లేదని చెప్పి, నాకో రోజు మిగిల్చాడు."

చిక్కంతా 'ఏం చేశారు' దగ్గరే ఉంది. కుర్రాడు వేడినీళ్లు ఇచ్చాడని రాస్తే సగమే రాసినట్టు. రెండంతస్తులు మోశాడని రాయాలంటే లిఫ్టు లేదన్నది గుర్తు రావాలి, అతని చెయ్యి ఎర్రబడి ఉన్నది గుర్తు రావాలి. నేను అందుకున్నది ఒక బకెట్టు, అతను ఇచ్చింది అంతకంటే ఎక్కువ. ఆ తేడా కనబడ్డ రోజున తృప్తి పిలవకుండానే వచ్చింది. తేడా చూడకుండా "నేను అదృష్టవంతుణ్ణి" అని వందసార్లు రాసినా నాకు పనిచెయ్యలేదు.

మొదట్లో పట్టుదలగా రోజూ రాశాను. మూడు నెలలకు అది హాజరుపట్టీలా తయారైంది. రాత్రి పదిన్నరకు కళ్లు మూతలు పడుతుంటే ఏదో ఒకటి గీకి పడుకునేవాణ్ణి. తర్వాత ఈ విషయం మీద జరిగిన అధ్యయనాలు చదివాను. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన దాంట్లో, కొందరి చేత వారానికోసారి చొప్పున పది వారాలు, తాము కృతజ్ఞత పడే విషయాలు రాయించారు. మరికొందరి చేత చికాకు పెట్టినవి రాయించారు. మంచి రాసినవాళ్లకు తమ జీవితం మీద అభిప్రాయం మెరుగ్గా ఉంది. అక్కడ నన్ను ఆపింది ఆ 'వారానికోసారి' అన్న మాట. సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం ఇంకొంచెం ముందుకెళ్లి రెండూ పోల్చి చూసింది. వారానికి ఒకసారి రాసినవాళ్లకు మేలు జరిగింది, మూడుసార్లు రాసినవాళ్లకు జరగలేదు. నా హాజరుపట్టీ సంగతి అప్పుడు అర్థమైంది. ఇప్పుడు మనసుకు తగిలినప్పుడే రాస్తాను. వారంలో ఒకటో రెండో వస్తాయి. ఆదివారం కాఫీ తాగుతూ అన్నీ ఒకసారి తీసి చదువుతాను.

థాంక్స్ అని వదిలెయ్యకండి

మన ఇళ్లలో థాంక్స్ చెప్పుకునే అలవాటు లేదు. 'ధన్యవాదాలు' సభల్లో వినబడే మాట. మా అమ్మకు ఒకసారి థాంక్స్ అంటే "నేనేమన్నా పరాయిదాన్నా?" అని నొచ్చుకుంది. అంతమాత్రాన మనవాళ్లకు కృతజ్ఞత తెలియదనుకోవడం పొరపాటు. మా తాత భోజనం అయ్యాక "అన్నదాతా సుఖీభవ" అనకుండా విస్తరి ముందు నుంచి లేచేవాడు కాదు. మా నాయనమ్మ గ్లాసుడు నీళ్లిచ్చినవాడిని కూడా "చల్లగా ఉండు నాయనా" అనేది. వాళ్లు పొందినదాని గురించి మాట్లాడలేదు, ఇచ్చినవాడు బాగుండాలని కోరుకున్నారు. కృతజ్ఞత అంటే నాకు ఆ దీవెనే గుర్తొస్తుంది.

ఇప్పుడు మనం కొత్తవాళ్లను అలా దీవిస్తే ఎబ్బెట్టుగా ఉండొచ్చు. నేను చేసేదిది: వరస పెట్టి పిలుస్తాను, చేసిన పని ఏమిటో చెబుతాను, అది లేకపోతే నాకేమయ్యేదో చెబుతాను. "తమ్ముడూ, నువ్వు ఆ బస్సు ఆపించకపోతే ఈ రాత్రి తుని స్టాండులోనే పడుకునేవాణ్ణి." పది సెకన్ల పని. థాంక్స్ అన్నప్పుడు ఎవరూ తలెత్తి చూడరు. ఇలా చెప్పినప్పుడు చూస్తారు. అన్నా, బాబాయ్, అమ్మా, పిన్నీ, ఏ వరసైనా సరే, నోటికి సహజంగా వచ్చేది వాడండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. అనకాపల్లి కుర్రాణ్ణి యజమాని ముందు మెచ్చుకున్నాను, మంచి పని చేశాననుకున్నాను. ఆ నీళ్లు యజమాని ఇంటి పొయ్యి మీద అడక్కుండా కాచాడట. నా ఎదుటే అతనికి చీవాట్లు పడ్డాయి. అప్పట్నుంచి పైవాళ్లకు చెప్పే ముందు "మీ సార్‌తో చెప్పనా?" అని అడుగుతున్నాను. మన మెప్పు వాళ్ల మెడకు చుట్టుకోకూడదు.

చెప్పడానికి మనిషి ఎదురుగా లేనప్పుడు పని చెయ్యండి. రైలు ఏసీ బోగీలో దిగే ముందు దుప్పటి మడిచి పెట్టండి. లాడ్జి రూములో చెత్తంతా ఒక్క కవరులో వేసి తలుపు దగ్గర పెట్టండి. మీరు వెళ్లాక వచ్చే ఆవిడ మీ ముఖం ఎప్పుడూ చూడదు, మీరూ ఆవిడ ముఖం చూడరు. ఆ దుమ్ములో వంగే నాలుగుసార్లలో ఒక్కసారి తగ్గినా తగ్గినట్టే.

'చాలు' ఎక్కడో ముందే గీత గీసుకోండి

విస్తట్లో వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ" అంటాం. భోజనం దగ్గర అంత తేలిగ్గా వచ్చే మాట రూము దగ్గర, సీటు దగ్గర, జీతం దగ్గర రాదు. అక్కడ మనకు కొలత లేకపోవడమే కారణమని నాకు తోచింది. కొలత లోపలికి అడుగుపెట్టాక పెట్టుకుంటే అది పెరుగుతూనే ఉంటుంది. ఫ్యాను ఉంటే ఏసీ, ఏసీ ఉంటే కిటికీ, కిటికీ ఉంటే దాంట్లోంచి కనబడేది.

నా కొలతలు బస్సు ఎక్కకముందే ఉంటాయి. రూముకు మూడు: గడియ పడాలి, నీళ్లు రావాలి, ఫ్యాను తిరగాలి. తిండికి రెండు: వేడిగా ఉండాలి, కడుపు నిండాలి. ప్రయాణానికి ఒకటి: గంటకు మించి నిలబడకూడదు. రూములోకి వెళ్లగానే గడియ వేసి చూస్తాను, కుళాయి తిప్పుతాను, స్విచ్ వేస్తాను. మూడూ ఉంటే "చాలు" అని పైకి అంటాను. మనసులో అనుకుంటే సరిపోదు, చెవికి వినబడాలి. ఆ తర్వాత గోడకు పెచ్చులూడినా అది నా లెక్కలోకి రాదు. మరో డివిజన్లో ఉన్న మా సహోద్యోగి విమానాశ్రయం లాంజ్‌లోంచి పెట్టిన ఫోటో మాత్రం వస్తుంది. అందుకే ప్రయాణం రోజుల్లో ఆఫీసు వాట్సాప్ గ్రూపు సాయంత్రం దాకా తెరవను. పనికి సంబంధించినది ఏదైనా ఉంటే ఫోన్ చేస్తారు.

గీతకు పైన ఉన్నదంతా చాలు. గీతకు కింద ఉన్నది మాత్రం ఒప్పుకోకండి. నర్సీపట్నంలో గడియ పడని రూము ఇస్తే రాత్రి పదకొండుకు బయటికొచ్చి ఇంకో లాడ్జి వెతుక్కున్నాను. తృప్తికీ సర్దుకుపోవడానికీ మధ్య ఉన్న తేడా నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. ఒకప్పుడు పనిచేసిన చోట నాలుగు నెలల టీఏ ఆగిపోయింది, ముప్పై ఎనిమిది వేలు. నేను అప్పటికే ఈ చీటీల పద్ధతిలో ఉన్నాను. "ఉద్యోగమైతే ఉంది కదా, అదే చాలు" అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఐదో నెలలో మా ఆవిడ మెడలో గొలుసు కనబడలేదు. ఇల్లు గడవడానికి బ్యాంకులో పెట్టింది, నాకు చెప్పలేదు. నా 'చాలు'కు డబ్బు ఆవిడ కడుతోంది.

మర్నాడు తేదీలు, ఊళ్లు, మొత్తాలు వరసగా రాసి ఉత్తరం పంపాను, పై అధికారికి కాపీ పెట్టాను. రెండు విడతల్లో వచ్చాయి. మీకు రావలసినది ఎవరి దగ్గరైనా ఆగి ఉంటే ముందు అది రాబట్టుకోండి. మీ ఓర్పు ఖర్చు ఇంట్లో ఎవరి మీద పడుతోందో చూడకుండా ఓర్చుకోకండి.

ఎదురుచూసే గంటలు

సామర్లకోటలో రైలు రెండు గంటలు లేటు. ఫోను చూస్తే గంట ఎటుపోయిందో తెలియదు, చూశాక చిరాకు మాత్రం మిగులుతుంది. నేను ఇలాంటి ఖాళీలో ఒక్క వస్తువు పట్టుకుంటాను, అది నాదాకా ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో వెనక్కి వెళ్తాను. టీ దొరికితే టీ. పాలు, పాలు పితికినవాళ్లు, తెల్లారకుండా క్యాన్లు తెచ్చినవాళ్లు, అల్లం దంచినవాళ్లు. తెలిసినంత దూరం వెళ్లి ఆగిపోవాలి.

మా వైపు వాళ్లకు ఈ పని నేర్పే చోటు ధవళేశ్వరం. రాజమండ్రి నుంచి ఎంతో దూరం లేదు. 1832-33 నాటి నందన కరువులో ఈ జిల్లాలు అల్లాడిపోయాయి. పక్కనే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలిసేది. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టించాడు, 1852కు పూర్తయింది. ఇవాళ రైలు కిటికీలోంచి మనం చూసే ఆ పచ్చదనానికి మొదలు అక్కడుంది. గోదావరి స్నాన సంకల్పంలో ఆ ఇంగ్లీషు ఇంజనీరును భగీరథుడితో పోల్చి తలుచుకునే శ్లోకం పురోహితుల నోట ఇప్పటికీ వినొచ్చు. ఊరూరా విగ్రహాలున్నాయి. పరాయి దేశం వాణ్ణి పితృదేవతల పక్కన చేర్చుకున్న కృతజ్ఞత అది, నాకు అది చాలా గొప్పగా తోస్తుంది.

అయితే అక్కడ నిలబడినప్పుడల్లా నాకు ఇంకో ఆలోచన వస్తుంది. ఆ రాళ్లు కొట్టినవాళ్లు, మోసినవాళ్లు వేలమంది. వాళ్లకు శ్లోకం లేదు. రైలు గోదావరి మీదికి రాగానే అందరిలా నేనూ ఒక రూపాయి బిళ్ల వేస్తాను. ఈ మధ్య అది వేసేటప్పుడు వాళ్లను తలుచుకుంటున్నాను.

ఇంటికి వచ్చాక

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. నేను అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నదీ ఇదే.

చీటీలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేసేవాణ్ణి. రెండేళ్ల తర్వాత మా ఆవిడ ఏదో కరెంటు బిల్లు వెతుకుతూ ఆ డబ్బా తీసి, నేల మీద కూర్చుని అన్నీ చదివింది. నేను సంచి దించుతున్నాను. "ఇన్ని చీటీలున్నాయి" అంది. "కండక్టరున్నాడు. టీ కొట్టు ఆయనున్నాడు. ఎవరో ముసలాయనున్నాడు. నేనెక్కడా లేనండీ."

కోపంగా అనలేదు. అందుకే జవాబు దొరకలేదు.

ఆ రాత్రి ఆవిణ్ణి ఒకటే అడిగాను: నేను ఊళ్లో లేని ఈ నాలుగు రోజుల్లో ఏమేం జరిగింది? మొదట "ఏముంది, మామూలే" అంది. మీరు అడిగినా ఇదే జవాబు వస్తుంది, ఆగకండి. సోమవారం నుంచి ఒక్కో రోజూ అడగండి. అమ్మకు బీపీ మాత్రలు అయిపోతే మూడు షాపులు తిరిగింది. మోటరు కాలిపోతే మెకానిక్కును రెండుసార్లు పిలిపించింది. పిల్ల స్కూల్లో మీటింగు. చుట్టాలింట్లో తద్దినం, మా ఇంటి తరఫున ఆవిడే వెళ్లింది. నేను శనివారం దాకా విప్పని మాసిన బట్టల సంచి. ఇవన్నీ నేను ప్రయాణం చేయడానికి కింద వేసిన పట్టాలు. పదకొండేళ్లు వాటి మీద తిరిగాను.

ఇంట్లో చీటీ రాసి చూపించడం ఏం బాగుంటుంది? అందుకని పని తీసుకున్నాను. ఆ జాబితాలోంచి ఒకటి ఎంచుకుని, పూర్తిగా, గుర్తుచేయించుకోకుండా నా మీద వేసుకోవడం. అమ్మ మందులు తీసుకున్నాను. నెల మొదటి తేదీన ఏ ఊళ్లో ఉన్నా షాపుకు ఫోన్ చేసి, ఇంటికి పంపించి, చేరాయో లేదో అమ్మనే అడుగుతాను. రెండో ఏడు బట్టల సంచి, తర్వాత గ్యాసు. సాయం చేస్తానని అనకండి, సాయం అంటే పని ఇంకా ఆవిడదే. తీసేసుకోండి. ఒకేసారి మూడు తీసుకుంటే నెలలో మూడూ జారిపోతాయి, నాకు మొదట అలాగే అయింది.

ఆలస్యమైనా వెళ్లండి

కొన్ని రోజుల్లో ఇవేవీ పనిచెయ్యవు. అమ్మకు అర్ధరాత్రి ఛాతీ నొప్పి వచ్చినప్పుడు నేను పార్వతీపురంలో ఉన్నాను. ఎదురింటి ఆటో ఆయన చొక్కా కూడా వేసుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ రాత్రి నాకు కృతజ్ఞత కలగలేదు. భయం, దూరంగా ఉన్నానన్న నేరం, అంతే. అలాంటప్పుడు మంచిని వెతకమని మనసును బలవంతం చెయ్యకండి, ఫోను దగ్గర కూర్చోండి చాలు. ఇరవై రోజుల తర్వాత, అమ్మ కోలుకున్నాక, అన్నవరం ప్రసాదం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. మొదటి నుంచి చివరిదాకా ఆయన చేసింది ఆయనకే చెప్పాను. "ఊరుకోండి మాస్టారూ, మీరైతే చెయ్యరేటండీ" అన్నాడు. కానీ వాళ్లావిడ లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింది. వాళ్ల పిల్లలు విన్నారు.

అందుకే ఏడాదికోసారి డబ్బా మొత్తం బోర్లించి, చెప్పాల్సినవాళ్లు ఇంకెవరున్నారో చూడండి. ఆ దారిన వెళ్లినప్పుడు దిగండి. నేను అలా చాలామందిని కలిశాను. సగంమందికి నేను గుర్తులేను, చెప్పాక గుర్తొచ్చి కూర్చోబెట్టుకున్నారు.

ఒక్కరు దొరకలేదు. కిందటేడు బొబ్బిలి వెళ్లినప్పుడు బస్టాండు పక్కన ఆ టిఫిన్ బండి లేదు. పక్క కొట్టువాళ్లను అడిగాను, పండ్ల బండి ఆవిణ్ణి అడిగాను. ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయారన్నారు, ఎటో ఎవరికీ తెలియదు. ఆ టికెట్టు డబ్బాలో వెయ్యకుండా పర్సులో పెట్టుకున్నాను. ముందువైపు అచ్చంతా వెలిసిపోయి తెల్లకాగితమైంది. వెనక నా రాత ఉంది: "బొబ్బిలి. టిఫిన్ బండి అమ్మ. నాకు జ్వరం. ఇడ్లీ వద్దని జావ కాచి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు."